ఒకసారికి ఒక్క మార్పే

2003 మార్చి 7న బెంగళూరులో ఒక శిక్షణ విమానం మొదటిసారి గాల్లోకి లేచింది. పేరు హెచ్‌జేటీ-36. కొత్త పైలట్లకు జెట్ నడపడం నేర్పడానికి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ రూపొందించింది. స్పిన్ దగ్గర మాత్రం అది మొండికేసింది. రెక్కల మీద గాలి పట్టు తప్పి, విమానం గిరగిరా తిరుగుతూ కిందికి రాలడమే స్పిన్. నేర్చుకునేవాడు ఏదో ఒకరోజు అందులో పడతాడు. పడ్డాక బయటికి రావడం నేర్పలేని విమానం ట్రైనర్‌గా పనికిరాదు.

ఇంజినీర్లు ఏం చేశారు? విమానాన్ని మూలన పడేసి కొత్తది గీయలేదు. తోక దగ్గర కూర్చున్నారు. నిలువు తోకను వెనక్కి జరిపారు, రడ్డర్ పలకను పెంచారు. మార్చిన విమానాన్ని 2019 ఏప్రిల్‌లో మళ్లీ ఎగరేశారు. స్పిన్ పరీక్షలకు వెళ్లేముందు, పరిస్థితి చెయ్యి దాటితే ఆదుకోవడానికి ఒక పారాచూట్ కూడా అమర్చారు. 2022 జనవరి నాటికి అదే విమానం ఎడమకూ కుడికీ ఆరేసి చుట్లు స్పిన్ తిరిగి క్షేమంగా బయటికి వచ్చింది. 2025లో దానికి ‘యశస్’ అని పేరు పెట్టారు.

మొదటిసారి ఎగిరిన రోజుకూ ఆ ఆరు చుట్లకూ మధ్య దాదాపు పందొమ్మిదేళ్లు. మనమేమో ఉగాది పచ్చడి తిని, మర్నాటి నుంచి ఐదింటికే లేస్తాం, ఫోన్ ముట్టం, ఇంగ్లీషు నేర్చుకుంటాం, బరువు తగ్గుతాం, రోజూ కొంత డబ్బు దాస్తాం అని ఒకేసారి ఐదు ఒట్లు పెట్టుకుంటాం. పదిహేను రోజులకు ఐదూ పోతాయి. ఏది ఎందుకు పోయిందో కూడా తెలియదు. పెద్దవాళ్లు ఆరంభ శూరత్వమని తిడతారు. ఆ తిట్టుతో నేను ఏకీభవించను. అలా ఒట్లు పెట్టుకునే పిల్లల్లో పట్టుదల ఉంది, పద్ధతి లేదు. పద్ధతి నేర్చుకోవడానికి నాకు తెలిసిన మంచి మార్గాల్లో ఒకటి, ఫోమ్‌తో చేసిన రేడియో కంట్రోల్ ట్రైనర్ విమానాన్ని ఎగరేయడం, దాన్ని మన చేతులతో మార్చుకోవడం. దానికి నల్లమాడ చుట్టుపక్కల నేల బాగా అనువైనది.

ఖాళీ చేలు, పెద్ద ఆకాశం

నల్లమాడ మండలం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అంతకుముందు అనంతపురం. జిల్లా పేరు మారింది గానీ ఆకాశం మారలేదు. వానలు తక్కువ, మబ్బు లేని రోజులు ఎక్కువ. శెనక్కాయ పీకేశాక చేలు నెలల తరబడి ఖాళీగా పడి ఉంటాయి. వేసవికి చెరువులు ఎండి చదునైన నేల బయటపడుతుంది. మేడలూ తీగలూ అడ్డం లేని ఇంత బయలు కావాలంటే హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్లు ఆదివారం పొద్దున్నే కార్లు వేసుకుని ఊరు దాటి పోవాలి. కరువు మనకు మిగిల్చినవాటిలో పనికొచ్చేది ఏదైనా ఉంటే ఇదొకటి. మన పిల్లలు దీన్ని వాడుకోవాలి.

ఇప్పటి చిన్న విమానాలు ఈపీవో, ఈపీపీ అనే ఫోమ్‌లతో వస్తున్నాయి. ఇవి థర్మకోల్ జాతివే కానీ దానిలా పుటుక్కున విరగవు. రెక్కల పొడవు మీటరు పైచిలుకు, బరువు కిలో అటూ ఇటూ. ముక్కులో కరెంటు మోటరు, పొట్టలో లైపో బ్యాటరీ, రెక్కల్లో తోకలో అగ్గిపెట్టె కంటే చిన్న సర్వోలు, చేతిలో రేడియో. సైనిక ట్రైనర్ల నమూనాలకు ఈ లోకంలో చాలా గిరాకీ ఉంది. 1949లో మొదట ఎగిరిన అమెరికన్ టీ-28 ట్రోజన్, అంతకంటే పాతదైన టీ-6 టెక్సాన్ ఎక్కువగా కనిపిస్తాయి. ఆ టెక్సాన్‌నే హార్వర్డ్ అనే పేరుతో మన వాయుసేన కూడా చాలా ఏళ్లు వాడింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ రూపొందించిన మొదటి ఇంజన్ విమానం కూడా ట్రైనరే. వి.ఎం. ఘాటగే నాయకత్వంలో తయారైన ఆ హెచ్‌టీ-2, 1951 ఆగస్టులో ఎగిరింది. ఎగరడం కంటే ముందు ఎగరడం నేర్పడానికి ఏర్పాటు కావాలని ఆ తరం గుర్తించింది.

డబ్బా మీద ‘ట్రైనర్’ అని కనబడగానే దాన్నే మొదటి విమానంగా కొనేవాళ్లు చాలామంది ఉంటారు. కొనకండి. సైనిక ట్రైనర్‌కు సాధారణంగా రెక్క కింద ఉంటుంది. చెప్పినంతా చేస్తుంది, చెప్పిన వెంటనే చేస్తుంది. చేతులు వదిలితే దానంతటది సర్దుకోదు. అసలు విమానంలో ఇది ఇబ్బంది కాదు, ఎందుకంటే కేడెట్‌తో పాటు గురువు కూడా అందులోనే కూర్చుని ఉంటాడు. చేలో ఒంటరిగా నిలబడ్డ కుర్రాడికి ఆ గురువు లేడు. అందుకని మొదటి విమానం రెక్క పైన ఉన్నదై, నిదానంగా పోయేదై, చేతులు వదిలితే తనంతట తాను నిలదొక్కుకునేదై ఉండాలి. సైనిక ట్రైనర్ రెండో మెట్టు.

మెట్లంటే వాయుసేనకు ఎంత గౌరవమో మన కళ్లముందే రుజువైంది. దుండిగల్ అకాడమీలో ఏళ్ల తరబడి మొదటి పాఠాలు హెచ్‌పీటీ-32 దీపక్ మీద చెప్పేవారు. ఇంజన్ ఆగిపోయే ఇబ్బందులు, ప్రమాదాలు పెరిగి 2009లో ఆ విమానాలను పూర్తిగా పక్కన పెట్టారు. మొదటి మెట్టే విరిగిపోయింది. కొత్తవాళ్లను నేరుగా కిరణ్ జెట్ ఎక్కించాల్సి వచ్చింది. అలాగే నడిపించేద్దాంలే అని వదిలేయలేదు. 2012లో స్విట్జర్లాండ్ కంపెనీతో 75 పిలాటస్ పీసీ-7 విమానాలకు ఒప్పందం కుదుర్చుకుని 2013లో దుండిగల్‌కు తెచ్చారు. ఇంకోపక్క హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సొంత డబ్బు పెట్టి హెచ్‌టీటీ-40 తయారుచేసి 2016 మే 31న ఎగరేసింది. 2023లో వాయుసేన కోసం అలాంటివి 70 విమానాలకు ఆర్డరు ఇచ్చారు. ఇంత ఖర్చూ ఇంత శ్రమా కేవలం మొదటి మెట్టు కోసం.

మీ మొదటి మెట్టు ఏది? గ్రూప్-1 పుస్తకాలు సంచి నిండా కొనేముందు, పేపర్లో సంపాదకీయం ఒకటి చదివి దాని సారం ఐదు వాక్యాల్లో రాయగలరా? రాయలేకపోతే మీ మెట్టు అదే. సిగ్గుపడకండి. కోచింగ్ కోసం బెంగళూరుకో, హైదరాబాద్‌కో పోయి, అక్కడి వేగం అందుకోలేక ఆర్నెల్లకే తిరిగొచ్చిన పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది లేరు! వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. రెండో మెట్టు మీద నేరుగా కాలు పెట్టారు, అంతే.

మొదటి మెట్టు దగ్గర ఒక మనిషి సాయం తీసుకోండి. రేడియో కంట్రోల్‌లో దీనికి చక్కటి ఏర్పాటుంది. గురువు రేడియోనూ శిష్యుడి రేడియోనూ జత చేస్తారు. గురువు ఒక మీట నొక్కి పట్టుకున్నంతసేపు విమానం శిష్యుడిది. మీట వదిలితే మరుక్షణం గురువుది. శిష్యుడికి ధైర్యంగా తప్పు చేసే అవకాశం దొరుకుతుంది, విమానం దక్కుతుంది. అన్నో, అక్కో, మేనమామో, హైస్కూలు మాస్టారో, మీ పనిలో అలా మీట పట్టుకుని నిలబడే మనిషిని ఒకరిని వెతుక్కోండి.

బరువెక్కడుంది?

మార్పులకు దిగేముందు ఒక పని ఉంది. విమానాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి చూడాలి. మామూలు ఆకారం ఉన్న విమానానికి గరిమనాభి, అంటే బరువు సమంగా తూగే చోటు, రెక్క ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో పాతిక, ముప్పై శాతం దూరంలో ఉండాలి. రెక్క వెడల్పు ఇరవై సెంటీమీటర్లయితే ముందు అంచు నుంచి ఐదారు సెంటీమీటర్ల దగ్గర అన్నమాట. బరువు ముందుకు పోతే విమానం బద్ధకంగా, ముక్కు వంచుకుని ఎగురుతుంది. అయినా ఎగురుతుంది. బరువు వెనక్కి పోతే ప్రతి చిన్న కదలికకూ పెనుగులాడుతుంది, మీ వేళ్లకు లొంగదు. చాలాసార్లు లేచిన కొన్ని క్షణాలకే నేలకొస్తుంది.

మోటరు చాలలేదనీ, రేడియో మంచిది కాదనీ, ఫోమ్ నాసిరకమనీ తిట్టుకునేవాళ్ల విమానాలను వేళ్ల మీద పెట్టి చూస్తే, సగం గొడవ బ్యాటరీని ఒక అంగుళం ముందుకు జరపడంతో తీరిపోతుంది. పైసా ఖర్చు లేదు. మన సంగతీ ఇంతే. జ్ఞాపకశక్తి తక్కువని మందులు కొనేవాడు రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటుంటాడు. చదువు ఎక్కడం లేదని దిగులుపడే అమ్మాయి పొద్దున టిఫిన్ తినకుండా బస్సెక్కుతుంటుంది. కొత్తగా ఏదో చేర్చడానికి ముందు, ఇప్పుడున్నది ఉండాల్సిన చోట ఉందో లేదో చూడండి. నిద్ర, తిండి, అప్పు, ఇంట్లో రోజూ జరిగే ఒక గొడవ. బరువు సాధారణంగా ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట తప్పుగా కూర్చుని ఉంటుంది.

ఒక అంగుళం ప్రొపెల్లర్

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఫోమ్ ట్రైనర్ చేతికొచ్చిన కుర్రాడికి చెయ్యి ఊరుకోదు. ఊరుకోకూడదు కూడా. మన నేల మీద రాళ్లెక్కువ కాబట్టి చిన్న చక్రాలు తట్టుకుని ముక్కు నేలకు గుద్దుకుంటుంది. చక్రాలు తీసేసి, పొట్ట మీద దించేలా కింద టేపు వేద్దామనిపిస్తుంది. రెక్క వంగుతుంటే లోపల కార్బన్ కడ్డీ పెడదామనిపిస్తుంది. పెద్ద ప్రొపెల్లర్, పెద్ద బ్యాటరీ, దిగేటప్పుడు వేగం తగ్గించే ఫ్లాపులు, గాలికి ఊగకుండా స్టెబిలైజర్, సూర్యకిరణ్ జట్టు విమానాల్లా ఎరుపు తెలుపు రంగులు. అన్నీ మంచివే. అన్నీ కలిపి శనివారం రాత్రి చేసేసి ఆదివారం పొద్దున ఎగరేస్తే మాత్రం కొంప మునుగుతుంది.

లేచిన పది సెకన్లకు ముక్కెత్తి, ఒక పక్కకు ఒరిగి కూలిపోయిందనుకోండి. కారణం ఏది? చక్రాలు పోవడంతో బరువు మారిందా? పెద్ద బ్యాటరీ వెనక్కి కూర్చుందా? స్టెబిలైజర్ తీగలు తిరగబడ్డాయా? ఎవరూ చెప్పలేరు. విమానం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఎందుకు పోయిందో తెలియకుండా పోతే ఆ జ్ఞానం ఏ దుకాణంలోనూ దొరకదు. పైగా ఆ కుర్రాడు వెంటనే ఒక తప్పుడు నిర్ణయానికి వస్తాడు: ‘నాకు ఇది చేతకాదు.’ ఐదు ఒట్లు ఒకేసారి పెట్టుకున్నవాడు వచ్చే నిర్ణయమూ ఇదే. నాకు బాధ కలిగించేది ఇదే.

ఒక్క మార్పే ఎంత దూరం పోతుందో ప్రొపెల్లర్ చెబుతుంది. తొమ్మిది అంగుళాలది తీసి పది అంగుళాలది పెట్టారు. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ అదే వేగంతో తిప్పడానికి ప్రొపెల్లర్ అడిగే శక్తి దాని పొడవుకు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. లెక్క వేస్తే భారం దాదాపు ఒకటిన్నర రెట్లు. మోటరు వేడెక్కుతుంది. మోటరుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్ తట్టుకోలేక గాల్లోనే కాలిపోవచ్చు. బ్యాటరీ ముందే అయిపోతుంది. ప్రొపెల్లర్ అంచు నేలకు దగ్గరవుతుంది. ఒక మార్పు నాలుగు చోట్ల తగిలింది. ఆ నాలుగింటినీ చూసి, చేత్తో తాకి, సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా రెండో మార్పు చేస్తే లెక్క తప్పుతుంది.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, సమయం, గాలి ఎలా ఉంది, ఏం మార్చాను. వీటి తర్వాత, ఎగరేయడానికి ముందే, ఇంకో గడి నింపాలి: దీనివల్ల ఏం జరుగుతుందనుకుంటున్నాను? ఎగరేశాక చివరి గడి: ఏం జరిగింది? చాలామంది చివరి గడి ఒక్కటే రాస్తారు. అది చాలదు. పని అయిపోయాక మనసు చాలా తెలివిగా మాట మార్చేస్తుంది. ‘నేను ముందే అనుకున్నా’ అంటుంది. ముందే రాసిన కాగితం ఎదురుగా ఉంటే ఆ వేషం సాగదు. మీ అంచనాకూ జరిగినదానికీ ఉన్న తేడాయే మీరు ఆరోజు నేర్చుకున్నది. ఒక మార్పును వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు ఎగరేసి చూశాకే దాని మీద తీర్పు చెప్పండి.

ఈ నోటుబుక్కును మీ మీద ప్రయోగించండి. ఉదాహరణకు ఒక్క మార్పు: రాత్రి ఫోన్ పడకగదిలో కాకుండా వసారాలో చార్జింగ్ పెట్టడం. రెండు వారాలు ఇది తప్ప ఇంకేదీ మార్చకండి. తెల్లారి లేవాలనే ఒట్టు కూడా వద్దు. ముందుగా రాయండి: ‘నిద్ర తొందరగా పడుతుందనుకుంటున్నా.’ తర్వాత జరిగింది రాయండి. నిద్ర తొందరగా పట్టవచ్చు, పొద్దున మెలకువ దానంతటదే రావచ్చు. లేదా మొదటి వారం నిద్రే పట్టకపోవచ్చు. ఏదైనా సరే, ఏ మీట ఏ రెక్కను కదుపుతుందో మీకు తెలుస్తుంది. అలా ఏడాదికి నాలుగైదు మార్పులు నిలబడినా చాలా ఎక్కువ. ఏటా ఇరవై ఒట్లు పెట్టుకునే మనిషికి ఒక్కటి కూడా నిలబడదు.

తీసేసిన పాత ప్రొపెల్లర్‌ను పారేయకండి, పెట్టెలో ఉంచండి. కొత్తది కుదరకపోతే వెనక్కి రావాలి కదా. పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో వచ్చిన ఉద్యోగం మానేసి సొంత వ్యాపారం పెట్టాలనుకునే కుర్రాడికి నేను చెప్పే మాట కూడా ఇదే. మానేయకముందే, సెలవు రోజుల్లో, ఆ వ్యాపారాన్ని చిన్నగా నడిపి చూడు నాయనా. వెనక్కి వచ్చే దారి తెరిచి ఉంచుకున్నవాడు పిరికివాడేం కాడు. హెచ్‌జేటీ-36 కి పారాచూట్ కట్టినవాళ్లు పిరికివాళ్లా?

కొత్త మార్పును ఎత్తులో పరీక్షించండి. యాభై అరవై మీటర్ల పైకి తీసుకెళ్లి, అక్కడ మోటరు తగ్గించి, విమానం ఎంత నిదానంలో పట్టు వదులుతుందో, ఏ పక్కకు ఒరుగుతుందో చూడండి. అక్కడ తప్పు జరిగితే సర్దుకునే వ్యవధి ఉంటుంది. అదే మొదటిసారి దిగేటప్పుడు, నేలకు రెండు మీటర్ల ఎత్తులో తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఇంటర్వ్యూకు కూడా ఎత్తు కావాలి. బోర్డు ముందు కూర్చునేలోపు ఇంట్లోవాళ్ల ముందు, స్నేహితుల ముందు, ఊళ్లో లైబ్రరీలో నలుగురి ముందు తడబడి రండి.

గాలిని తిట్టేవాళ్లకు

మన గాలి మామూలుది కాదు. ఆషాఢ శ్రావణాల్లో అనంతపురం పీఠభూమి మీద అది వీచే తీరు చూసే రామగిరి కొండల మీద గాలిమరలు పాతారు. మార్చి దాటితే ఎర్రనేల కాగి, మధ్యాహ్నానికి సుడిగాలులు లేస్తాయి. ఎండ ఇంకో పని కూడా చేస్తుంది. పుట్టపర్తి ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 475 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకు 40 డిగ్రీల వేడి తోడైతే, పుస్తకాల్లో రాసే ప్రామాణిక సముద్రమట్టపు గాలితో పోలిస్తే ఇక్కడి గాలి సాంద్రత సుమారు 13 శాతం తక్కువ. రెక్కకు ఆనడానికి అంత గాలి తక్కువన్నమాట. అంటే చెన్నై సముద్రం ఒడ్డున డిసెంబరు ఉదయం చక్కగా దిగిన విమానం, మే నెల మధ్యాహ్నం నల్లమాడలో అదే వేగంతో దిగబోతే పట్టు తప్పవచ్చు. ఇందులో విమానం తప్పు లేదు, మీ తప్పూ లేదు. పొద్దున ఆరింటికి రండి. గాలి చల్లగా, దట్టంగా, నిలకడగా ఉంటుంది. ఏ పని ఏ వేళకు అనువో చూసుకోవడం పలాయనం అనిపించుకోదు.

గాలి గురించి ఇంకో ముఖ్యమైన పాఠం ఉంది. గాలివాలుకు పోతున్న విమానం కింద నిలబడి చూసేవాడికి చాలా వేగంగా కనిపిస్తుంది. గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తుంటే నేల మీద దాని వేగానికి ముప్పై కలుస్తుంది. అమ్మో, మరీ వేగమని కుర్రాడు మోటరు తగ్గిస్తాడు. కానీ రెక్కకు నేల వేగంతో పనిలేదు. తన మీదుగా పారే గాలి వేగం తెలిస్తే చాలు. అది తగ్గింది, మలుపులో రెక్క పట్టు వదిలింది, విమానం పడింది. ఇలా పడే విమానాలు చాలా ఎక్కువ.

మీతో చదువుకున్నవాడు బెంగళూరులో ఫ్లాటు కొన్నాడని వినగానే మీకు కలిగే కంగారు కూడా ఇలాంటిదే. అతని వెనక తండ్రి ఆస్తి తోసిందో, సమయం కలిసొచ్చిందో, నిజంగా అతని కష్టమో, నేల మీద నిలబడి చూసేవారికి తెలియదు. ఎదురుగాలిలో వెళ్తున్న మీరు నిదానంగా కనిపించవచ్చు. మీ రెక్కల మీద గాలి పారుతోందా, అంటే ఈ నెల మీరు పోయిన నెల కంటే కొంచెం ఎక్కువ నేర్చుకున్నారా? కొలత అది. పక్కవాడి వేగం చూసి మీ మోటరు తగ్గించకండి, పెంచకండి.

విరిగాక

ఎగరేసేవాడి విమానం ఏదో ఒకరోజు విరుగుతుంది. విరిగాక మొదటి పని, ముక్కలన్నీ ఏరడం. గోరంత ముక్కను కూడా వదలొద్దు. అతికేటప్పుడు ఆ ముక్క తన చోటు తానే చెబుతుంది. తర్వాత జిగురు సంగతి. మామూలు థర్మకోల్ మీద ఫెవిక్విక్ పోస్తే అది ఫోమ్‌ను తినేస్తుంది. థర్మకోల్‌కు అరల్డైట్ లాంటి ఎపాక్సీయే మేలు. ఈపీవో ఫోమ్ అయితే ఫెవిక్విక్‌ను తట్టుకుంటుంది. ఏ గాయానికి ఏ మందో తెలియకుండా పూయకూడదు. పరీక్ష తప్పిన పిల్లాడికి ఆ సాయంత్రమే ఉపదేశం చేసే పెద్దలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ సాయంత్రం వాడికి అన్నం, నిద్ర కావాలి. మాటలు రెండు రోజుల తర్వాత.

అతికించాక అంతా అయిపోయిందనుకోవద్దు. జిగురుకు బరువుంది. తోక దగ్గర పది గ్రాముల జిగురు చేరితే, తోక గరిమనాభికి అరవై సెంటీమీటర్ల దూరంలో, ముక్కు ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉన్న విమానానికి ముందు ముప్పై గ్రాములు కలిపితేగాని సమతూకం రాదు. అందుకే బాగుచేసిన విమానాన్ని మళ్లీ వేళ్ల మీద పెట్టి చూడాలి, మళ్లీ ఎత్తులో పరీక్షించాలి. పాత అలవాటుతో నేరుగా విన్యాసాలకు దిగకూడదు. దెబ్బ తగిలిన మనిషి కూడా అంతే. వ్యాపారంలో నష్టపోయినవాడు, పెళ్లి సంబంధం తప్పిపోయినవాడు, ఉద్యోగం పోయినవాడు వారం తిరిగేసరికి పాత వేగంతోనే పరిగెత్తాలని మనం తొందరపెడతాం. వాళ్లలో బరువు చోటు మారింది. కొత్తగా తూచుకునే వ్యవధి వాళ్లకు ఇవ్వాలి.

ఇదంతా ఆటవస్తువే కదా అనేవాళ్లకు రెండు సంగతులు. అమెరికాలో నాసా లాంగ్లీ కేంద్రంలో 1941 నుంచి ఒక నిలువు గాలి సొరంగం పనిచేస్తోంది. కింది నుంచి పైకి వీచే గాలిలోకి చిన్న నమూనా విమానాన్ని చేత్తో విసిరి, అది స్పిన్‌లో ఎలా తిరుగుతుందో, ఎలా బయటపడుతుందో అందులో చూస్తారు. 1960ల మొదట్లో డేల్ రీడ్ అనే నాసా ఇంజినీరు, రెక్కల్లేని విమానం ఎగురుతుందని పైవాళ్లను ఒప్పించడానికి తన చేత్తో నమూనా చేసి ఎగరేశాడు. ఆయన భార్య దాన్ని చిన్న కెమెరాతో చిత్రీకరించింది. ఆ నమూనా తర్వాతే మనిషిని మోసే ఎం2-ఎఫ్1 వచ్చింది.

పక్కవాళ్లకు హాని లేకుండా

నైపుణ్యం కంటే ముందు మర్యాద. ఖాళీగా కనబడ్డ చేను ఖాళీ నేల కాదు, ఒక రైతుది. పెద్దాయన దగ్గరికి పోయి, ‘అన్నా, పొద్దున ఒక గంట ఇక్కడ విమానం ఎగరేసుకుంటాం’ అని అడగండి. విత్తనం పడ్డాక అటు పోకండి. గొర్రెలమంద వస్తుంటే దించేయండి. బెదిరిన మంద వెనక కాపరి పరుగెత్తాల్సి రాకూడదు. గద్దలు తిరుగుతుంటే ఆగండి. విమానం సీమజాలి కంపలో పడితే కంపను నరకకుండా తీసుకోండి.

చట్టం కూడా తెలుసుకోండి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల కింద దేశంలోని ఆకాశాన్ని పచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విభజించారు. పచ్చ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకే. విమానాశ్రయాల చుట్టూ 12 కిలోమీటర్ల దాకా పసుపు జోన్ నియమాలు వర్తిస్తాయి. మనకు పక్కనే 1990లో ప్రారంభమైన పుట్టపర్తి విమానాశ్రయం ఉంది కాబట్టి ఈ జోన్లను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడకుండా ఎక్కడా ఎగరేయకండి. విమానం ఎప్పుడూ కంటికి కనబడే దూరంలోనే ఉండాలి. లైపో బ్యాటరీని ఒక్కో సెల్‌కు 4.2 వోల్టులకు మించి నింపొద్దు, 3 వోల్టుల కిందికి దించొద్దు. మనిషి పక్కన లేకుండా చార్జింగ్ పెట్టొద్దు. మే నెల ఎండలో మూసిన కారులో బ్యాటరీనీ ఫోమ్‌నూ వదలొద్దు.

ఒక చిన్న సంగతి చెప్పడం మరిచాను. విమానం మీ నుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి అంటే మీ కుడే. అది తిరిగి మీవైపు వస్తున్నప్పుడు దాని కుడి మీకు ఎడమ. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అలవాటైనవాళ్లు మనసులో విమానంలో కూర్చుని ఆలోచిస్తారు. ఇంట్లో నాన్నతో వాదన వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆయన కుర్చీలో కూర్చుని చూడండి. ఆయన కుడి ఏదో తెలుస్తుంది.

ఇలాంటి విమానానికి ఖర్చు పెట్టలేమనే పిల్లలకు: రేడియో, మోటరు లేకుండానే మొదలుపెట్టవచ్చు. ప్యాకింగ్ థర్మకోల్ పలక, బ్లేడు, టేపు, ముక్కుకు కాస్త మట్టి ముద్ద చాలు. చేత్తో విసిరే గ్లైడర్ తయారవుతుంది. దగ్గర్లో కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే చేరండి, అక్కడ ఏరోమోడలింగ్ నేర్పుతారు. ఇంజినీరింగ్‌లో ఉన్నవాళ్లకు బోయింగ్ జాతీయ ఏరోమోడలింగ్ పోటీ ఉంది. మాస్టార్లకు నా మనవి ఒక్కటే. సైన్సు పీరియడ్‌లో నెలకొకసారి పిల్లలను బయటికి తీసుకెళ్లి గ్లైడర్లు విసిరించండి. ఎవరిది దూరం పోయిందని అడగకండి, ఏం మార్చావు, ఏం జరుగుతుందనుకున్నావు అని అడగండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఒక గ్లైడర్ చేయండి, నోటుబుక్కులో మొదటి గడి నింపండి, పొద్దున ఆరింటికి ఎండిన చెరువులోకి పోయి విసరండి. తర్వాత ఒక్కటే మార్చండి, మళ్లీ విసరండి.